పిట్టగోడ మీద భాను ఉత్తరాలు

తిరుపతి, కొర్లగుంట
18 జూన్ 2006

భానూ,

నీ కార్డు చేరింది. బడి తెరిచారనీ, వానలు పట్టుకున్నాయనీ, ప్రిన్సిపాల్ గదిలో ఉన్న ఒక్క ఫోనూ మూగబోయిందనీ రాశావు. ఒకందుకు మంచిదే. ఫోనులో అయితే "ఆ, బాగుండా నాయనా" అని ఠక్కున పెట్టేస్తావు. ఇప్పుడు చచ్చినట్టు ఉత్తరం రాయాలి. సర్వీసంతా సత్యవేడు పల్లెల్లో ఊరివాళ్ల ఉత్తరాలు మోసినవాణ్ణి. నా పేరున ఒకటి వస్తే ఎంత గర్వంగా ఉంటుందో నీకేం తెలుసు!

నాకు కొత్త పిచ్చి పట్టింది. మా వీధి చివర లోకేశ్వరి అని ఒకావిడ నెట్ సెంటర్ నడుపుతుంది. మొదట ఫ్యాను గాలికి వెళ్లి కూర్చునేవాణ్ణి. ఊరికే కూర్చోబెట్టడం ఇష్టంలేక నాకొక మెయిలు పెట్టె తెరిచింది. దానికి తాళం మాట ఒకటి ఉంటుందనీ, ఎవరికీ చెప్పకూడదనీ చెప్పింది. నేను మరిచిపోతానని చీటీ మీద రాసి, భద్రంగా ఉంచమని ఆమె చేతికే ఇచ్చాను. తల పట్టుకుంది.

మొట్టమొదట వచ్చిన మెయిలు ఆఫ్రికా నుంచి ఒక విధవరాలిది. భర్త పోయాడట, నన్ను నమ్మి ఏదో అప్పగిస్తానంది. సంతాపం తెలుపుతూ నాలుగు మాటలు రాసి, మీ ఉత్తరం చిరునామా తప్పి నాకు వచ్చినట్టుంది, అసలు మనిషికి చేర్చండి అని జవాబు పంపాను. లోకేశ్వరి చూసి, "అయ్యో పెదనాయనా, అది దొంగ మెయిలు. అందురికీ వస్తాది. నువ్వు జవాబు రాసినావా!" అని ఒకటే నవ్వు. దొంగే కావచ్చు. మన పేరున వచ్చినదానికి జవాబు రాయకుండా ఉండటం నాకు చేతకాదు.

అసలు సంగతికి వస్తాను. పిట్టగోడ అని ఒక బ్లాగు ఉంది. బెంగళూరులో పనిచేసే సునీల్‌కుమార్ అనే చిత్తూరు అబ్బాయి పెట్టాడు. మన జిల్లావాళ్లు ఎక్కడెక్కడో ఉన్నవాళ్లంతా చేరి, ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు. కిందనే మిగతావాళ్లు మాట కలుపుతారు. మెయిలు మంచిచెడ్డల మీద నేనూ ఒకటి రాశాను. పంపిన ఉత్తరం నకలు పంపినవాడి దగ్గరే ఉండిపోవడమేమిటి, అది ఉత్తరమా, రసీదా అని అడిగాను. మస్కట్‌లో ఉంటున్న కార్వేటినగరం శ్రీనివాసులు, "దేవరాజులు మామా, ఇంగోటి రాయప్పా" అని కింద రాశాడు. ఈ గదిలో నన్ను మామా అని పిలిచేవాళ్లు ఎవరున్నారు? ఆ ఒక్క ముక్కా పదేపదే చదువుకున్నాను.

నేను బాగున్నాను. రాయి.

నాయన


గుమ్మవలస, శ్రీకాకుళం జిల్లా
9 జూలై 2006

నాయనా,

ఆఫ్రికా ఆవిడకు సంతాపం తెలిపిన మొదటి మనిషివి నువ్వే అయ్యుంటావు. నీ ఉత్తరం చదివి నాలో నేనే నవ్వుకుంటుంటే పిల్లలు కిటికీలోంచి వింతగా చూశారు.

ఇక్కడ వాన అంటే మన వాన కాదు. మన దగ్గర మబ్బు పడితే అందరూ బయటికొచ్చి చూస్తారు. ఇక్కడ ఎండ వస్తే చూస్తారు. రేకుల కప్పు మీద చినుకులు పడుతుంటే నేను చెప్పే పాఠం నాకే వినపడదు. పిల్లలు మాత్రం బంగారాలు. సవర భాషలో ఏదో అనుకుని నవ్వుతారు. నా గురించేనని తెలుసు, ఏమిటో తెలియదు.

స్టాఫ్‌రూములో అందరూ స్థలాల గురించీ బదిలీల గురించీ మాట్లాడుకుంటారు. నాకు ఇక్కడ స్థలమూ లేదు, ఇప్పట్లో బదిలీ ఆశా లేదు. హాస్టల్ వార్డెన్ రుక్మిణమ్మ ఒక్కతే నాకు తోడు. రాత్రి భోజనం ఇద్దరం ఒకచోటే. ఆవిడ గురక గోడ దాటి వస్తుంది, నిద్రలో కూడా ఎవరినో కోప్పడుతున్నట్టుంటుంది. నా మాట వినాలని ఏదో ఒకటి అడుగుతుంటుంది. "మీ సిత్తూరోల్ల మాట పాటలాగుంటాదమ్మా" అంటుంది.

ఆవిడ ఊరెళ్లిన ఆదివారం నేను ఎవరితోనూ మాట్లాడను. సోమవారం క్లాసులో నోరు తెరిస్తే నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. అమ్మ పోయిన ఏడాదే ఇంత దూరం ఉద్యోగానికి ఎందుకొచ్చానా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. నీకు చెప్పుకోక ఎవరికి చెప్పుకోను?

వంట మానేసి హోటలు మీద పడకు.

భాను


తిరుపతి
25 జూలై 2006

భానూ,

నీ ఉత్తరానికి ఎంత పేరొచ్చిందో తెలుసా? మొత్తం టైపు కొట్టి పిట్టగోడ మీద పెట్టాను. మబ్బు పడితే బయటికొచ్చి చూస్తామని రాశావే, ఆ మాటకు మద్రాసులో ఉండే ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నానని రాశాడు. గురక దగ్గర అందరూ నవ్వారు. సునీల్‌కుమార్ అయితే, "మామా, మీరు రాసేదానికన్నా మీ పాప రాసేదే బాగుండాది" అన్నాడు. నాకు కోపం రావాలి కదా, వాడికి తిరుపతి వచ్చినప్పుడు ఇడ్లీ పెట్టిస్తానని మాటిచ్చాను.

నెట్‌లో వెతికే పెట్టె ఒకటుంది. ఏ మాట కొడితే దాని సంగతులన్నీ తెస్తుంది. మంచి పోస్టుమాన్‌కు కూడా అంత ఆచూకీ తెలియదు. నీ జ్ఞాపకం వచ్చినప్పుడు గుమ్మవలస అని కొట్టేవాణ్ణి, ఏమీ వచ్చేది కాదు. ఇప్పుడు కొడితే నీ ఉత్తరమే వస్తుంది. చూసి ఎంత సంతోషపడ్డానో!

వంట చేసుకుంటూనే ఉన్నాను. నేను బాగున్నాను.

నాయన


గుమ్మవలస
13 ఆగస్టు 2006

నాయనా,

నన్ను అడగకుండా పెట్టేశావా! పోనీలే. మీ నెట్ సెంటర్‌కి వచ్చేవాళ్లూ, ఆ నలుగురు స్నేహితులూ చదివి ఉంటారు. వాళ్లు నన్నెరుగుదురా, ఇక్కడికొస్తారా? పరీక్షా ఫలితాలు చూసుకోవడం తప్ప నెట్ గురించి నాకేమీ తెలియదు. గురక సంగతి మాత్రం ఆవిడ చెవిన పడితే నాకు అన్నం పెట్టదు.

ఈ వారం మనసేం బాగాలేదు. రుక్మిణమ్మ భర్త గుజరాత్‌లో ఫ్యాక్టరీలో ఉన్నాడని అందరికీ చెబుతుంది. పండక్కి వస్తాడంటుంది, పండగ వెళ్లాక సెలవు దొరకలేదంటుంది. మొన్న కరెంటు పోయి ఇద్దరం అరుగు మీద కూర్చున్నప్పుడు అసలు సంగతి చెప్పింది. గుజరాతూ లేదు, ఫ్యాక్టరీ లేదు. ఆయన పాలకొండలోనే వేరే ఆవిడతో కాపురం పెట్టాడు. బస్సులో వెళ్తే గంటన్నర. ఈవిడ పెట్టుకునే బొట్టూ, చెప్పే గుజరాత్ కబుర్లూ అన్నీ పిల్లల ముందూ స్టాఫ్ ముందూ తల ఎత్తుకు తిరగడానికి. "ఇన్నాల్లకి నీకే సెప్పినానమ్మా" అని నా చేయి పట్టుకుంది. కరెంటు వచ్చేదాకా ఆవిడ చేయి వదల్లేదు. అమ్మ ఉంటే ఏదో ఒకటి అని ఉండేది.

ఆవిడను చూసినప్పటినుంచీ నాకెందుకో భయంగా ఉంది. మనిషి ఎన్నాళ్లు అట్లా ఒంటరిగా ఉండగలదు?

భాను


తిరుపతి
3 సెప్టెంబర్ 2006

భానూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏమీ తోచలేదు. తర్వాత గోడ మీద పెట్టాను. కంగారు పడకు, నేనేం తెలివితక్కువవాణ్ణి కాను, ఆవిడ పేరు నాగులమ్మ అని మార్చాను. ఇంతవరకూ ఎవరు రాసినదానికీ ఇన్ని మాటలు రాలేదట. ఆడవాళ్లు ఎక్కడెక్కడినుంచో రాశారు. ఒకావిడ, "ఆ నాగులమ్మకు నా దండం చెప్పండి" అంది. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే సైటు ఒకటుంది, అందులో కూడా పైన వచ్చిందని లోకేశ్వరి చూపించింది.

పేరు పెట్టకుండా రాసేవాళ్లు కొందరుంటారు. వాళ్లను అజ్ఞాత అంటారు. అందులో ఒకడు ఇదంతా కట్టుకథ అన్నాడు. నాకు ఒళ్లు మండి, నా కూతురు అబద్ధం రాయదు, బడి గుమ్మవలసలో ఉంది, వెళ్లి చూసుకో అని జవాబిచ్చాను. నోరు మూసుకున్నాడు.

నువ్వు భయపడొద్దు. ఇంతమంది నీ మాట వింటున్నారు. నువ్వు ఒంటరిదానివి ఎట్లా అవుతావు?

నాయన


గుమ్మవలస
4 సెప్టెంబర్ 2006

నాయనా,

ఏం చేశావు?

నీ జవాబు ఇంకా రానేలేదు, ఈలోగా శ్రీకాకుళంలో కంప్యూటర్ నేర్పే మా లెక్కల మాస్టారి బావమరిది నా ఉత్తరం పిట్టగోడ మీదినుంచి కాగితం మీద తీసి పంపాడు. స్టాఫ్‌రూములో చేతులు మారింది. పేరు మారిస్తే ఏమవుతుంది? ఈ ఊళ్లో బడి ఒకటే. బళ్లో వార్డెన్ ఒకతే. భర్త గుజరాత్‌లో ఉన్నది ఆవిడకే.

రుక్మిణమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా గది దగ్గరకొచ్చి గుమ్మం బయటే నిలబడి, "నీకు సెప్పుకున్నాను గానీ, ఊరికి సెప్పుకున్నానేటమ్మా?" అంది. అంతే. కంచం తీసుకుని వంటమనుషుల దగ్గరకు వెళ్లిపోయింది. బొట్టు పెట్టుకోవడం మానేసింది.

నాకు ఇక్కడ ఉన్నది ఆ ఒక్క మనిషి. నలుగురు మెచ్చుకుంటారని నువ్వు ఆవిడను బజారులో పెట్టావు, నన్నూ పెట్టావు. ఇక నేను రాయను. నువ్వూ రాయొద్దు.

భానుశ్రీ


తిరుపతి
16 సెప్టెంబర్ 2006

భానూ,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాయనివ్వు.

నువ్వు పుట్టకముందు పల్లెల్లో ఉత్తరం వచ్చిందంటే ఎట్లుండేదో నీకు తెలియదు. చదువు రానివాళ్లే ఎక్కువ. నేను సైకిలు దిగితే, "దేవరాజులన్నా, సదవన్నా" అని అరుగు మీద కూర్చోబెట్టేవాళ్లు. అరవంలో వస్తే అరవం, తెలుగులో వస్తే తెలుగు. చుట్టుపక్కలవాళ్లందరూ చేరేవాళ్లు. ఏడ్చేది ఉంటే అందరూ ఏడ్చేవాళ్లు, నవ్వేది ఉంటే అందరూ నవ్వేవాళ్లు. ఉత్తరం అంటే పదిమందిలో చదివేదని నా ఒంట్లో పాతుకుపోయింది. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లు మాత్రం ఆ ఇంటివాళ్లే, ఆ కష్టంలో రేపు సాయానికి వచ్చేవాళ్లే. ఈ గోడ మీద కూర్చున్నది ఎవరో నాకు తెలియదు. ఆ తేడా నేను చూసుకోలేదు.

నీ ఉత్తరాలు రెండూ తీసేశాను. తీసినా ఆ ఇంకో సైటులో ముక్క ముక్కగా కనపడుతూనే ఉంది. లోకేశ్వరి చాలా ప్రయత్నం చేసింది. తపాలాలో అయితే, వేసిన ఉత్తరం వెనక్కిమ్మని అర్జీ పెట్టుకునే వీలుంది. ఇక్కడ ఎవరికి పెట్టాలో తెలియలేదు.

రుక్మిణమ్మకు నా తరఫున చెప్పు. ఏం చెప్పాలో నువ్వే చూసుకో.

నాయన


తిరుపతి
12 నవంబర్ 2006

భానూ,

నీ దగ్గరినుంచి ఏమీ రాలేదు. మీ ఊరికి తపాలా సరిగా వెళ్తోందో లేదో అని హెడ్డాఫీసులో కూడా కనుక్కున్నాను. వెళ్తోందన్నారు.

ఇక్కడ వానలు బాగానే పడ్డాయి. పిట్టగోడ వాళ్లు, పాప ఉత్తరాలు ఎందుకు పెట్టడం లేదని అడుగుతున్నారు. ఏదో ఒకటి చెబుతున్నాను. నీకు వీలైతే ఒక కార్డు రాయి, చాలు.

నేను బాగున్నాను.

నాయన


తిరుపతి
7 జనవరి 2007

భానూ,

చలి తగ్గింది. నేను బాగున్నాను. నువ్వెట్లున్నావు?

నాయన


శ్రీకాకుళం
15 ఏప్రిల్ 2007

నాయనా,

పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఇక్కడికి వచ్చాను. నిన్న సాయంత్రం ఒక నెట్ సెంటర్ కనపడితే లోపలికి వెళ్లాను. ఆ ఉత్తరం నిజంగా తీశావా లేదా చూద్దామని. నిన్ను పట్టుకుందామనే వెళ్లాను.

అది లేదు. కానీ పిట్టగోడ మీద నేను ఉన్నాను.

"భాను ఉత్తరాలు" అని పైన పేరు. నవంబర్ నుంచి మొన్నటి దాకా, ఇంచుమించు వారానికొకటి. ఏ ఒక్కటీ నేను రాసింది కాదు. మొదట కోపమొచ్చింది. నేను రాయకపోతే నా పేరుతో నువ్వే రాసుకుని మెప్పు పొందుతున్నావా అనుకున్నాను. నవంబర్‌లో నువ్వు, గోడవాళ్లు ఉత్తరాలు అడుగుతున్నారని రాసినప్పుడే, నీకు నేను అక్కరలేదు, గోడ మీదికి సరుకు కావాలి అనుకుని ఆ కార్డు చించేశాను. ఇదిగో, అనుకున్నదే నిజమైంది అనిపించింది. కుర్చీ జరిపి లేచేదాన్నే. ఒక వరస కంటపడి కూర్చుండిపోయాను.

"నాయనా, కన్ను ఆపరేషనంటే బయపడబాక. నేను వస్తా ఉండా" అని రాసింది ఆ భాను.

ఏం ఆపరేషను? నాకు తెలియదే!

మొదటినుంచీ చదివాను. ఆ భాను డిసెంబర్‌లో సెలవు పెట్టి తిరుపతి వచ్చిందట. ఆసుపత్రిలో నీ పక్కన కూర్చుందట. పది రోజులు ఉండి, చుక్కల మందు వేసి, సంగటి చేసి పెట్టి వెళ్లిందట. తిరిగి వెళ్లాక ప్రతి ఉత్తరంలోనూ అడుగుతుంది. "రాతిరి మెట్లు దిగేటప్పుడు లైటు ఏసుకుంటా ఉండావా?" "కింది ఇంట్లో ఆదిలక్ష్మమ్మత్త పలకరిస్తా ఉండాదా?" "అన్నం ఒక్కపూటే వండి రెండుపూట్లా తింటా ఉండావా, నాకు తెలుసులే." నువ్వు ఏం చెప్పుకోవాలనుకున్నావో అవన్నీ ఆమె అడిగింది. జనవరిలో నాకు రాసిన కార్డులో మాత్రం చలి తగ్గింది, బాగున్నాను అని రాశావు.

ఆ భాను నాలా లేదు, నాయనా. నేను అట్లా మాట్లాడను, అంత ఓపికా నాకు లేదు. అమ్మలా ఉంది. అమ్మ పోయాక ఆ మాటలు మళ్లీ వినడం ఇదే. కింద అందరూ ఇటువంటి కూతురు ఉండటం అదృష్టమని రాశారు. నాకు కుళ్లు వచ్చింది. నిజంగా. "నేనే భానుని, ఇవి నేను రాయలేదు" అని ఆ పెట్టెలో కొట్టాను కూడా. పంపించే మీట మీద చేయి పెట్టాను. ఆమెను తీసేస్తే నీకు ఇంక ఎవరుంటారు అనిపించింది. మొత్తం చెరిపేసి బయటికొచ్చాను.

రుక్మిణమ్మ ఇప్పటికీ నాతో పని మాటలే మాట్లాడుతుంది. అది నేను మోయాల్సిందే. నువ్వు ఒక తప్పు చేశావు, నేను ఏడు నెలలు నోరు మూసుకుని దానికి ఇంకొకటి కలిపాను. ఆమె అడిగినవే నేను అడుగుతున్నాను. ఏ కన్ను? ఎప్పుడు? ఎవరు తోడు వచ్చారు? చుక్కలు ఎవరు వేశారు? ఇప్పుడు కనపడుతోందా? గోడ మీద కాదు, నాకు రాయి. బాగున్నానని మాత్రం రాయొద్దు.

ఇరవై నాలుగు నుంచి సెలవులు. వస్తున్నాను.

భాను


తిరుపతి
20 ఏప్రిల్ 2007

భానూ,

నీ ఉత్తరం లోకేశ్వరి చేత చదివించుకోలేదు. నేనే చదివాను. మధ్యాహ్నం దాకా పట్టింది. రెండో కంటికి కూడా చేయాలంటున్నారు, దాన్ని వాయిదా వేస్తున్నాను.

చేసింది కుడి కంటికి, డిసెంబర్ నెలలో. చుక్కల మందు నేనే వేసుకున్నాను. సగం చెంప మీదే పడేది. ఆదిలక్ష్మమ్మ రెండు పూటలు అన్నం పంపింది, తర్వాత వాళ్లు కాణిపాకం వెళ్లారు. లోకేశ్వరిని అడిగితే వచ్చేదే. షాపు మూసి రమ్మనడానికి నోరు రాలేదు. మెట్ల మీద ఒకసారి జారాను, దెబ్బేం తగల్లేదు.

ఆ ఉత్తరాలు మెప్పు కోసం రాయలేదు. మొదటిది రాసి, ఊరికే చూసుకుందామని పెట్టాను. మర్నాడు ఎవరో, "పాప రాసింది కదా మామా, ఇంక ధైర్యంగా ఉండు" అన్నారు. ఆ రోజు ధైర్యంగానే ఉన్నాను. అందుకని ఇంకొకటి రాశాను. ఇక రాయను. గోడవాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పేశాను. సునీల్‌కుమార్ తన ఫోన్ నంబరు పంపాడు.

తోడు ఎవరు వచ్చారని అడిగావు. ఎవరూ రాలేదు. మనిషి తోడు లేకపోతే ఆపరేషన్ చేయం అన్నారు. కూతురు వచ్చింది, బయట వరండాలో కూర్చుంది అని చెప్పాను. పేరడిగితే భానుశ్రీ అన్నాను, రాసుకున్నారు. అంతా అయ్యాక నర్సమ్మ మందుల చీటీ పట్టుకుని తలుపు తీసి, "భానుశ్రీ! దేవరాజులు తాలూకు భానుశ్రీ ఎవురమ్మా?" అని వరండాలోకి పిలిచింది. కుడి కంటికి కట్టు, రెండోదానికి మసక. నాకేం కనపడలేదు, వినపడింది. మళ్లీ పిలిచింది. ఎవరూ పలకలేదు. మూడోసారి పిలవబోతుంటే నేనే పడక మీదినుంచి, "ఈడే యాడో ఉండాదిలేమ్మా, వస్తాది" అన్నాను.

నాయన